సంతకం అక్కర్లేని తండ్రి

మా అన్న ఆర్మాండ్ ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకునే మనిషి కాదు. వదిన పోయినప్పుడు చర్చిలో బుట్ట తిప్పి పోగుచేసిన డబ్బు ఫాదరుగారు ఇంటికి తెస్తే, ఆయనకి కాఫీ ఇచ్చి, బుట్టతో సహా వెనక్కి పంపించాడు. ఊళ్లో అందరూ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు. నేను మాత్రం ఎన్నడూ మెచ్చుకోలేదు. ఆ చలికాలమంతా నాలుగేళ్ల పిల్లకి పెద్దవాళ్ల కోటు చేతులు మడిచి తొడిగింది నేను కదా. నెల్లాళ్లుండి పిల్లని ఒక దారిలో పెట్టి పోదామని వచ్చిన మేనత్తని, ఆ పిల్లకి పద్దెనిమిదో ఏడు వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఇది ఆ ఏటి బంగాళాదుంపల తవ్వకాల నాటి సంగతి.

అమెరికా ఉత్తరపు కొసన ఉన్న మా ఆరూస్టుక్‌లో సెప్టెంబరు నడుమ బడులు మూసేస్తారు, పిల్లలు పొలాలకి రావాలని. మూసే ముందు, బళ్లో కాలేజీ వ్యవహారాలు చూసే మిసెస్ లిండ్ మమ్మల్ని పిలిపించింది. మా పిల్ల జోసెట్‌కి రాళ్ల పిచ్చి. దుంపలతోపాటు పైకొచ్చే రాళ్లని అందరూ విసిరేస్తుంటే, ఇది జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, కడిగి, కిటికీలో ఆరబెట్టి, ఒక్కోదానికీ వయసు చెప్పేది. ఆ రాళ్ల చదువే చదవాలని పట్టు. సముద్రం దగ్గరున్న కాలేజీలో సీటొచ్చేటట్టే ఉంది. ఫీజు వింటే మాత్రం గుండె ఆగుతుంది.

"ఆ అచ్చేసిన ఫీజు ఎవరూ కట్టరు లొరెట్" అంది మిసెస్ లిండ్. "అక్టోబరు ఒకటిన ఫాఫ్సా తెరుస్తారు. సాయం కోసం ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తు అన్నమాట. మీ ఇంటి రాబడి చూసి ప్రభుత్వం కొంత ఇస్తుంది, మిగతాది కాలేజీయే వదులుకుంటుంది. మీ రాబడికి దాదాపు అంతా వస్తుంది."

నేను సంచీలోంచి పెన్ను తీశాను. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "మీరు కాదు. తండ్రి పెట్టాలి. ఆయన పన్ను కాగితాలు కావాలి. మేనత్త లెక్కలోకి రాదు."

"పెంచింది నేను."

"చట్టప్రకారం దత్తత తీసుకున్నారా?"

"మా ఇంటి పిల్లని నేను దత్తత తీసుకోవడం ఏంటి?"

"అయితే లెక్కలోకి రారు" అంది ఆవిడ, మాట మెత్తగానే. ఆ కుర్చీలో కూర్చుని నేను ఎంత చిన్నదాన్నయిపోయానో ఆవిడకి తెలియదు. జ్వరాలు వచ్చినప్పుడు రాత్రిళ్లు కూర్చున్నది నేను, జడలు వేసింది నేను, బళ్లో కొట్లాట పెట్టుకుంటే వచ్చి తిట్లు తిన్నది నేను. ఫారానికి నేనెవరో తెలీదు.

"నాన్న పెట్టనంటే?" అని అడిగింది జోసెట్.

"అప్పుడు నువ్వు తండ్రి మీద ఆధారపడిన పిల్లవి కాదని తేలాలి. ఇరవై నాలుగేళ్లు నిండాలి. లేదంటే సైన్యంలో చేరుండాలి, నీకో బిడ్డుండాలి, పెళ్లయినా అయుండాలి. అవేవీ కాకపోతే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయుండాలి."

"అమ్మ పోయింది."

"సగం సరిపోదమ్మా" అనేసి, నాలుక కరుచుకుంది మిసెస్ లిండ్.

ఆ సాయంత్రం మా ఫ్రెంచివాళ్ల ప్లోయ్ అట్లు పోస్తూ నేనే కదిపాను మాట. ఆర్మాండ్ అట్టుని చుట్టి పులుసులో ముంచుకుంటూ చివరిదాకా విన్నాడు. వినడంలో లోపం ఉండదు మా అన్నకి.

"దాని పేరేంటన్నావు?"

"ఫాఫ్సా."

"ఆ పేరు కాదు. వాళ్లిచ్చేదాని పేరు."

"ఆర్థిక సాయం."

"అదీ సంగతి. సాయం" అన్నాడు. "మనం కుంటివాళ్లమా గుడ్డివాళ్లమా లొరెట్? నాకేమొస్తుందో, నేనేం తింటున్నానో కాగితం మీద రాసి, కాస్త దయచూడండి బాబూ అని పంపాలా? మా నాన్న పంపలేదు, నేను పంపను."

"నాన్నా, అందరూ పంపుతారు. డాక్టరు పిల్లలు కూడా" అంది జోసెట్.

"డాక్టరుకి సిగ్గు లేకపోతే నాకూ ఉండకూడదా? నేను పద్దెనిమిదో ఏట ఒక సంచీతో బయటికొచ్చా. ఎవరూ ఏమీ ఇవ్వలేదు, నేనడగలేదు. చదువు ఎవరిది వాళ్లు చూసుకోవాలి. పెళ్లంటావా, అది తండ్రి పని. చేస్తాను. హాలు తీసుకుని, ఫిడేలు వాళ్లని పెట్టి, ఊరందరికీ భోజనం పెట్టి చేస్తాను. దానికోసం దాస్తున్నాను కూడా. అయినా రాళ్లేరే పని ఇక్కడే బోలెడుంటే రాళ్లు చదవడానికి కాలేజీ ఎందుకే నీకు?"

ఎగతాళిగా అన్నా ప్రేమగానే అన్నాడు. జోసెట్ నవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, సరిగ్గా అలా ఉంది మా వ్యవహారం. ఇచ్చేవాడు ఇస్తానంటున్నాడు, మధ్యలో ఈయనగారి పౌరుషం అడ్డం. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు చచ్చిపోయుంటే దానికి మొత్తం వచ్చేదట ఆర్మాండ్. నువ్వు బతికుండడమే దానికి వచ్చిన చిక్కు" అన్నాను.

ఆర్మాండ్ చేతిలో అట్టు చేతిలోనే ఉండిపోయింది. "అలా రాసుందా అందులో?"

"రాసుంది."

లేచి, దుంపలు తవ్వే హార్వెస్టరుకి గ్రీజు పెట్టాలని బయటికి వెళ్లిపోయాడు. అన్నందుకు నాకేమీ పశ్చాత్తాపం కలగలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందనే అనుకున్నాను.

తవ్వకాలు మొదలయ్యాయి. హార్వెస్టరు వెనకాల బెల్టుకి అటూ ఇటూ నిలబడి, దుంపలతోపాటు వచ్చే రాళ్లూ మట్టిగడ్డలూ ఏరి పారేయడం మా పని. నేను, జోసెట్, ఆ ఏడు కూలికి పెట్టుకున్న గేలెన్. గేలెన్ జోసెట్ క్లాసు కుర్రాడే, మనిషి తాటిచెట్టంత, మాట మాత్రం మెత్తన. వాడి గోల ఇంకో రకం. తండ్రి ఎటో పోయాడు, తల్లి కలప లారీలున్న మనిషిని చేసుకుంది. ఆ మారుతండ్రి రాబడి చూసి ఫారం వీడికి సాయం అక్కర్లేదంటుంది. ఆ మారుతండ్రేమో వీడు నా రక్తం కాదు, పైసా ఇవ్వనంటాడు.

ఆర్మాండ్ ముందు ట్రాక్టరు మీద ఉండేవాడు. మా మాటలు ఆయనకి వినపడవు. ఆ మోతలో మేం ఒకరికొకరం అరుచుకోవాలి.

"అత్తా! యుద్ధానికెళ్లనా, బిడ్డని కననా, పెళ్లి చేసుకోనా?" అని అరిచింది జోసెట్.

"మీ నాన్నని ఇంకోసారి అడుగు!"

"ఇంకెన్నిసార్లు? దేవుణ్ణి కూడా ఇన్నిసార్లు ఏదీ అడగలేదు నేను!"

"వాటిల్లో తొందరగా తేలేది పెళ్లే" అన్నాడు గేలెన్, బెల్టు మీంచి తల ఎత్తకుండా. జోసెట్ ఒక మట్టిగడ్డ తీసి వాడి టోపీకేసి కొట్టింది. ముగ్గురం నవ్వాం.

మధ్యాహ్నం గిడ్డంగి నీడలో రొట్టెలు తింటున్నప్పుడు వాడు మళ్లీ అదే మాటన్నాడు. ఈసారి నవ్వుతూ అనలేదు.

"కాగితం మీదే జోసెట్. ఇద్దరికీ పనయిపోతుంది. నువ్వు మీ ఇంట్లోనే ఉంటావు, నేను మా ఇంట్లోనే ఉంటా. చదువులయ్యాక ఇంకో కాగితం మీద విడిపోదాం."

"నీకు బుద్ధుందా?" అన్నాను నేను.

"బుద్ధుంది ఆంటీ. డబ్బే లేదు."

జోసెట్ నవ్వలేదు, కాదనలేదు. చేతిలో ఉన్న రాయిని అటూ ఇటూ తిప్పుతూ, "అది దొంగతనమవుతుందా?" అని మాత్రం అడిగింది.

"పెళ్లి చేసుకుని చేసుకున్నామని రాస్తే దొంగతనమెలా అవుతుంది?" అన్నాడు వాడు.

ఆ పూట సాయంత్రం దాకా బెల్టు మీద రాళ్లేరుతూ దాని మొహం చూస్తూ ఉన్నాను. ఆ పిల్ల ఇక్కడే ఉండిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చలికాలమంతా గిడ్డంగిలో దుంపలు గ్రేడు చేస్తూ, నలభై ఏళ్లకి నడుం పట్టేసి, నాలాగే అవుతుంది. ఒకే ఇంట్లో నాలాంటివాళ్లు ఇద్దరెందుకు?

జోసెట్ పుట్టినరోజొచ్చింది, పద్దెనిమిది నిండాయి. ఆర్మాండ్ కేకు కోయించి, చేతికి కొత్త తోలు గ్లవుజులు పెట్టాడు. ఆ రాత్రి అది సంతకం సంగతి మళ్లీ అడిగింది. ఆర్మాండ్ దీపం ఆర్పేసి వెళ్లి పడుకున్నాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు.

తర్వాత వాన పట్టుకుంది. మా వైపు తెల్లవారుజామునే రేడియోలో చెప్తారు, ఇవాళ ఎవరు తవ్వుతున్నారు, ఎవరు తవ్వడం లేదు అని. ఆ రోజు అందరి పేర్లతోపాటు మా పేరూ చదివారు, తవ్వడం లేదని. హార్వెస్టరు గొలుసు తెగితే కొత్తది తేవడానికి ఆర్మాండ్ పొద్దున్నే పట్నం వెళ్లాడు. ట్రక్కు మలుపు తిరిగిందో లేదో, జోసెట్ కోటు వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"అత్తా, నువ్వు రావాలి. సాక్షులు ఇద్దరు కావాలట."

"ఇంకో సాక్షి ఎవరు?"

"అక్కడ ఎవరుంటే వాళ్లు."

మా ఊరి ఆఫీసులో ఒకే కౌంటరు. కుక్కలకి లైసెన్సైనా, మంచుబండి రిజిస్ట్రేషనైనా, పుట్టుకైనా, చావైనా, పెళ్లయినా అక్కడే. కౌంటరు వెనకున్న క్లర్కుకి పొలం గట్టు తగాదాలో మా అన్నతో మాటలు లేవు. ఆవిడ ద్వారా ఆయన చెవిన పడుతుందన్న భయం లేదు. మాకు ముందు ఒక ముసలాయన దుప్పి వేటకి అనుమతి తీసుకుంటున్నాడు. ఆయన్నే ఆగమని రెండో సాక్షిని చేశాం. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆ గదిలో దాన్ని పెళ్లిలా చూసింది ఆయనొక్కడే.

క్లర్కు చదవాల్సింది చదివింది. జోసెట్, గేలెన్ అనాల్సింది అన్నారు. బూట్లకి మట్టి, జుట్టుకి వాన నీళ్లు.

"ఇక ముద్దు పెట్టుకోవచ్చు" అంది క్లర్కు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చేతులు కలుపుకున్నారు. బేరం కుదిరిన రైతులు కలుపుకుంటారే, అలా. నాకు అక్కడ నవ్వొచ్చింది. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక ఏడుపొచ్చింది. జోసెట్ నా భుజం పట్టుకుని, "అయ్యో అత్తా, ఇది పెళ్లి కాదు, ఉత్త కాగితమే" అని ఓదార్చింది.

అక్టోబరు ఒకటో తేదీ సాయంత్రం, ఆర్మాండ్ గిడ్డంగిలో ఉండగా, బడివాళ్లిచ్చిన కంప్యూటరు వంటింటి బల్ల మీద పెట్టుకుని అది ఫారం నింపింది. నేను పక్కన కూర్చున్నాను, ఏమైనా అడిగితే చెబుదామని. పేరు, పుట్టిన తేదీ, బడి. పెళ్లయిందా అన్న ప్రశ్న వచ్చింది. అయింది అని నొక్కింది. మిసెస్ లిండ్ ఇచ్చిన నమూనా కాగితాల్లో తల్లిదండ్రులవి పేజీలకి పేజీలున్నాయి: తల్లి పేరు, తండ్రి పేరు, ఎప్పుడు పెళ్లయింది, ఎంత వస్తుంది, ఏమేం ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూస్తున్నాను. అవేవీ రాలేదు. తిన్నగా చివరి సంతకం దగ్గరికి వెళ్లిపోయింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఎంత తేలికో చూశావా" అంది జోసెట్. దాని మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడ్డానికే కదా ఇంత చేసింది, అయినా నా కళ్లు తండ్రి పేరుకి చోటు వెతుకుతూనే ఉన్నాయి. బడి తెరవగానే పెళ్లి కాగితం నకలు ఒకటి మిసెస్ లిండ్‌కి ఇచ్చి వచ్చింది, కాలేజీవాళ్లు రుజువు అడిగితే పంపడానికి.

వాన వల్ల మా తవ్వకం బడి తెరిచాక కూడా కొన్నాళ్లు సాగింది. చివరి లోడు ఫ్యాక్టరీకి వెళ్లింది. అందరూ మట్టితో కలిపి తూకం వేయిస్తారు, మా అన్న మాత్రం దులిపి, జల్లించి మరీ వేయిస్తాడు. ఊళ్లో నవ్వుతారు. ఆయన పట్టించుకోడు, దుంపకి డబ్బిచ్చేవాడికి మట్టి అమ్మనంటాడు. ఆ మర్నాడు నేను గిన్నెలు కడుగుతుంటే మేడ మీంచి దిగాడు. గడ్డం గీసుకుని, ఆదివారం కోటు వేసుకున్నాడు. చేతిలో రొట్టె ప్యాకెట్టు కవరు, నిండా కాగితాలు.

"బయల్దేరు లొరెట్. ఆ బడిలో ఆవిడ ఇంగ్లీషు గబగబా మాట్లాడేస్తుంది. నాకు సగం అందదు."

నా చేతిలో గిన్నె జారింది. "ఎందుకూ?"

"పన్ను కాగితాలు. మూడేళ్లవీ తెచ్చా. సంతకం పెడదాం."

"ఇవాళ వద్దులే ఆర్మాండ్."

"రేపటికి నా బుద్ధి మారుతుంది. నా సంగతి నాకు తెలుసు. పద."

దారి పొడుగునా మాట్లాడాడు. వదిన పోయాక ఆయన అంతగా మాట్లాడగా నేను వినలేదు. "చచ్చాక దానికి వచ్చేదేదో బతికుండగానే వస్తే ఏం పోయింది? ట్రాక్టరు మీద కూర్చుంటే ఇదే ఆలోచన. అడుక్కోవడమే అనుకో, నా కూతురి కోసం అడుక్కుంటా. అయినా దాన్ని చూశావా, రాయి పట్టుకుంటే దాని మొహం ఎలా ఉంటుందో. వాళ్లమ్మ మొహమే." చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన గొంతులో ఆ సంతోషం విని మళ్లీ మూసుకున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాం, ఆ గొడ్డలి ఎక్కడ పడుతుందో చూడ్డానికి వెళ్తున్నాం.

మిసెస్ లిండ్ లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఆర్మాండ్ కుర్చీ అంచున కూర్చుని కవరు బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"మీ సంతకం అక్కర్లేదండీ. జోసెట్ ఫారం వెళ్లిపోయింది. అంతా సవ్యంగా ఉంది."

ఆర్మాండ్ మొహం విప్పారింది. "నేను లేకుండానే అయిపోయిందా? మంచిదేగా." నా వైపు తిరిగి నవ్వాడు. తర్వాత కాస్త ఆలోచించాడు. "మరి నేను పెట్టాలన్నారుగా. ఎందుకక్కర్లేదు?"

"పెళ్లయిన పిల్లలకి తల్లిదండ్రుల వివరాలు అడగరు" అంది ఆవిడ. ఆవిడ తప్పేం లేదు, ఇంట్లో తెలిసే జరిగిందనుకుంది. "అన్నట్టు, శుభాకాంక్షలండీ. గేలెన్ మంచి కుర్రాడు."

ఆర్మాండ్ నా వైపు తిరగలేదు. కవరు తీసుకుని, మూతి రెండుసార్లు మడిచాడు.

"థాంక్స్" అన్నాడు.

ట్రక్కులో కూర్చున్నాక, ఊరి చివరిదాకా వచ్చాక అడిగాడు. "వాన పడ్డ రోజా?"

"అవును."

"పక్కన ఎవరు నిలబడ్డారు?"

"నేను. ఇంకెవరో ముసలాయన."

"ఫాదరుగారు?"

"లేరు. ఊరి ఆఫీసులో."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిరిగి తిట్టి ఉండేదాన్ని, ఇంత మొండికెత్తింది నువ్వు కాదా అని.

జోసెట్ బడి నుంచి వచ్చేసరికి ఆర్మాండ్ ఆదివారం కోటుతోనే బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అది కోటు చూసింది, కవరు చూసింది. కవరు విప్పి ఒక కాగితం బయటికి తీసింది.

"ఇవేంటి నాన్నా?"

"నీ కాలేజీ కోసం బడికి తీసుకెళ్లా. అక్కర్లేదన్నారు."

జోసెట్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత దాని కింది పెదవి చిన్నప్పుడు వణికినట్టు వణికింది. "ఒక్క ముక్క ముందు చెప్పుంటే..."

"నువ్వూ చెప్పుండచ్చు" అన్నాడు ఆర్మాండ్. అరవలేదు. "మీ ఆయన భోజనానికి రాడా? పిలువు. అల్లుడు మారుతండ్రి ఇంట్లో తింటున్నాడంటే నాకు తలవంపులు."

గేలెన్ వచ్చాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆర్మాండ్ తన పక్క కుర్చీ చూపించాడు, కోడి పులుసు గిన్నె ముందు వాడికే అందించాడు. పొలం పనికి వచ్చినప్పుడు ఒరేయ్ అనేవాడు, ఆ పూట గేలెన్ అని పేరు పెట్టి పిలిచాడు. ఎవరం సరిగ్గా తినలేదు. తిన్నాక ఆర్మాండ్ లేచి, కొక్కేనికున్న జోసెట్ కోటు తెచ్చి దాని భుజాల మీద వేశాడు.

"రోడ్డు జారుతోంది. మెల్లిగా తీసుకెళ్లు" అన్నాడు గేలెన్‌తో.

"ఎక్కడికి నాన్నా?" అంది జోసెట్.

"మీ ఆయన వెంట. పెళ్లయిన పిల్ల ఉండాల్సింది అక్కడే."

అది నా వైపు చూసింది. నేను ఆర్మాండ్ వైపు చూశాను. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు, చలి లోపలికి కొట్టింది. ఇద్దరూ వెళ్లి గేలెన్ పాత ట్రక్కులో కూర్చున్నారు. ఆర్మాండ్ తలుపు వేశాడు.

ట్రక్కు స్టార్టయింది గానీ కదల్లేదు. వెళ్లడానికి వాళ్లకి చోటుంటే కదా. గేలెన్ మారుతండ్రి కోడలి మొహం కూడా చూడడు. వాకిట్లో దీపాలు వేసుకుని, ఇంజను ఆడుతూ, అలాగే ఉంది బండి. కిటికీలోంచి చూస్తే జోసెట్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. నాకు మా అన్న మీద కోపం, దాని మీద కోపం, నా మీద కోపం. ఎవరి మీద చూపించాలో తెలీలేదు.

"ఆర్మాండ్, పిల్ల ఆర్మాండ్" అన్నాను.

ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేసే ఉన్నాడు.

"నువ్వు సాక్షివి లొరెట్. నువ్వే చెప్పు. అది పెళ్లేనా?" "చర్చిలో జరగలేదు. ఉంగరం లేదు. ఒట్టి కాగితమే, పెళ్లి కాదు అని నువ్వొక్క మాట అను, తలుపు తీస్తా. నా కూతురు నా ఇంట్లో పడుకుంటుంది. పొద్దున్నే లిండ్ దగ్గరికెళ్లి, మా ఇంట్లోంచి అబద్ధం వెళ్లిందమ్మా, సరిదిద్దండి, అని నేనే చెప్పొస్తా. ఏం? పెళ్లేనా, కాదా?"

చెప్పొస్తాడు. మట్టి దులపకుండా దుంప తూకం వేయించని మనిషి. పొద్దున్నే మళ్లీ ఆదివారం కోటు వేసుకుని వెళ్లి చెప్పొస్తాడు, చట్టం ఏమంటుందో మిసెస్ లిండ్ ఎంత చెప్పినా వినడు, కాలేజీవాళ్ల దాకా వెళ్తాడు. ఆయన పిడిని సగం తిప్పి పట్టుకున్నాడు. కాదని నేననాలని ఆయన ఎంతగా కోరుకుంటున్నాడో నాకు తెలిసింది. నేనూ అంతే కోరుకున్నాను. కాదంటే పిల్ల ఇంట్లో ఉంటుంది, కానీ తండ్రే అబద్ధమన్నాక ఇక ఆయన సంతకం పెట్టినా కాలేజీవాళ్లు దాన్ని నమ్మరు, చదువు పోతుంది. అవునంటే చదువుంటుంది.

"పెళ్లే" అన్నాను. "నేను కళ్లారా చూశాను."

ఆర్మాండ్ పిడి మీంచి చెయ్యి తీసేశాడు. బయట ట్రక్కు ఇంకాసేపు అలాగే ఉండి, వెనక్కి తిరిగి, రోడ్డెక్కింది.